సెటిల్ కాని అల్లుడు

అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. వీధిలో వాళ్ళకీ, పని చేసే భవనాల్లోని వాచ్‌మన్లకీ, చివరికి అత్తవారి వైపు చుట్టాలకీ అతను అనుమానాల్రావు. వృత్తి లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో ఇరవై రెండు భవనాల లిఫ్టులు అతని చేతి కింద ఉన్నాయి. వాటి తాళ్ళనీ, బోల్టులనీ, బ్రేకులనీ పదకొండేళ్ళుగా రోజూ అనుమానిస్తూనే ఉన్నాడు. నిన్న బాగున్న తాడు ఇవాళ బాగుండాలని ఏముంది అంటాడు. అనుమానించినందుకే అతనికి జీతం ఇస్తారు కాబట్టి ఇందులో తప్పు పట్టేదేమీ లేదు.

చిక్కల్లా ఆ అనుమానం సాయంత్రం అతనితో పాటు ఇంటికి కూడా రావడమే. తలుపు తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తాడు. పుచ్చకాయ కొంటే ముక్క కోసి చూపించమంటాడు, చూపిస్తే ఆ ముక్క ఈ కాయదేనా అని మళ్ళీ పెట్టి చూస్తాడు. పెళ్ళైన కొత్తలో భార్య టీ ఇస్తే ఒక గుక్క తాగి "పంచదార కొత్త షాపులో కొన్నావా?" అని అడిగాడట. ఆవిడ ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతుంది.

అతని అనుమానాల్లోకెల్లా పెద్దది ఫ్యూజు గురించి. లిఫ్టు గోతిలోకి దిగే ముందు పై గదిలో మెయిన్ ఆపి, ఫ్యూజు పీకాలి. పీకినవాడు దాన్ని తన జేబులోనే వేసుకోవాలి. బల్ల మీద పెట్టకూడదు, వాచ్‌మన్ చేతికివ్వకూడదు, తోడబుట్టినవాడికైనా ఇవ్వకూడదు. మనిషి కింద ఉన్నప్పుడు పైన ఎవడో తెలివైనవాడు స్విచ్చి వేశాడంటే ఇంక చెప్పుకోడానికేమీ మిగలదు. ఈ పాఠం అతని భార్యకి కంఠతా వచ్చు. చొక్కాలు ఉతికేటప్పుడు జేబుల్లో ఆవిడకి చిల్లర కన్నా ఫ్యూజులే ఎక్కువ దొరుకుతాయి.

ఇంత అనుమానపు మనిషి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కళ్ళు మూసుకుని నమ్మాడు. నమ్మింది కూడా దేన్ని? అరచేతిలో పట్టే ఒక ప్లాస్టిక్ ముక్కని.

దీనికి మూలం మామగారు. పోస్టాఫీసులో పని చేసి రిటైరైన మనిషి, మంచివాడే. రెండేళ్ళ కిందట కూతురింటికి వచ్చి ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. చుట్టూ చూశారు. వంటింట్లో ఉన్న కూతురితో, తను గుసగుస అనుకుంటూ వీధి చివరిదాకా వినిపించేలా, "అల్లుడుగారు ఇంకా సెటిల్ అయినట్టు లేదమ్మా" అన్నారు.

ఇంగ్లీషువాడు ఆ మాటని ఎందుకు పుట్టించాడో గానీ, మన నోట్లో పడ్డాక దానికి అంతూ పొంతూ లేదు. ఉద్యోగం దొరికితే సెటిల్, పెళ్ళయితే సెటిల్, ఇల్లు కొంటే సెటిల్. తగువు తీర్చినా సెటిల్మెంటే, మనిషిని కాలర్ పట్టుకుని బెదిరించినా సెటిల్మెంటే. నలభై మూడేళ్ళ వయసులో, తొమ్మిదేళ్ళ ఉద్యోగంతో, ఒక ప్లాస్టిక్ కుర్చీ వల్ల అతను సెటిల్ కానివాడయ్యాడు. అది అతనికి ఎక్కడో కాలింది. మర్నాడే వెళ్ళి క్రెడిట్ కార్డు గీకి, మెత్తటి ఎర్ర సోఫా కొన్నాడు. కూర్చుంటే మనిషి నడుం దాకా దిగబడిపోయేంత మెత్తన.

మామగారు మళ్ళీ వచ్చి ఆ సోఫాలో పది నిమిషాలు కూర్చుని, "పనుంది" అని లేచి వెళ్ళిపోయారు. తర్వాత వచ్చినప్పుడూ అంతే. ఇంకా సరిపోలేదు కాబోలు అని అల్లుడికి అనుమానం. కార్డు మీద వాషింగ్ మెషిను కూడా వచ్చింది.

ఆ తర్వాత కంపెనీ చేతులు మారింది. మూడు నెలలు జీతాలు ఆగాయి. ఆ మూడు నెలలూ బియ్యం, మందులు, కరెంటు బిల్లు అన్నీ కార్డే మోసింది. భార్యతో మాత్రం జీతం వస్తోందనే చెప్పాడు. ఒకసారి అబద్ధం చెప్పాక రెండో నెల నిజం చెప్పడానికి మొదటి నెల అడ్డం వచ్చింది, అంతే.

బిల్లులో రెండు అంకెలు ఉండేవి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చిన్నదాని పక్కన మినిమమ్ అని ఉండేది. జీతాలు మళ్ళీ మొదలయ్యాక అతను పద్నాలుగు నెలల పాటు ఆ చిన్న అంకెని తేదీ తప్పకుండా కట్టాడు. అడిగినంతా కట్టేశాను కదా, వాళ్ళకీ నాకూ చెల్లు అనుకున్నాడు. తాడులో ఒక్క పోగు తెగితే కనిపెట్టే మనిషి, పెద్ద అంకె నెలనెలా ఇంకా పెద్దదవుతున్న సంగతి చూసి కూడా అచ్చు తప్పేమో అనుకున్నాడు. లక్షా ఎనభై నాలుగు వేలు అయినప్పుడు అది అచ్చు తప్పు కాదని తెలిసింది. అప్పటికి చిన్న అంకె కట్టడానికి కూడా జీతంలో చోటు లేదు.

బ్యాంకు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. రోజూ పదకొండింటికి ఒక ఆడగొంతు. కసిరేది కాదు, చాలా మర్యాదగా మాట్లాడేది. అదే ఇంకా భయం. అతను ఆ నంబరుని ఫోనులో "గ్రీజు" అని రాసుకున్నాడు. లిఫ్టు మెకానిక్కుకి గ్రీజు షాపు నుంచి ఫోను రావడంలో ఎవరికి అనుమానం వస్తుంది?

భార్యకి వచ్చింది. ఆవిడ మందుల గిడ్డంగిలో ప్యాకింగ్ చేస్తుంది. పొద్దస్తమానం అట్టపెట్టెల మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే గడువు తేదీలు చదవడమే పని. ఒక ఆదివారం ఫోను మోగితే ఆవిడే చూసింది.

"ఏమండీ, ఆదివారం కూడా గ్రీజేనా? నిన్నా వచ్చింది, మొన్నా వచ్చింది. మీ లిఫ్టులు గ్రీజు తాగుతాయా ఏంటి?"

"కొత్త స్టాకు వచ్చిందట" అన్నాడతను, ఫోను తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్ళిపోతూ.

మెట్ల దగ్గర గొంతు తగ్గించి మాట్లాడాడు. "మేడమ్, ఒక్క నెల ఆగండి. తప్పకుండా సెటిల్ చేసుకుంటాను. ఇంటికి మాత్రం రావద్దండీ, మా ఆవిడకి తెలియకూడదు." వెనక్కి తిరిగితే తలుపు పక్కన భార్య, చంకలో బట్టల బుట్టతో. ఎప్పట్నుంచి నిలబడిందో తెలియదు. ఆవిడ బట్టలు ఆరేసి వచ్చి, "ఈ వారం మీ పని ఏ భవనంలో?" అని మాత్రం అడిగింది.

ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ ప్రశ్న ఎన్నడూ అడగని మనిషి. బ్యాంకువాళ్ళు ఈవిడతో గానీ మాట్లాడారా అని ఆ రోజంతా ఆవిడ మొహం చూస్తూ గడిపాడు. ఆవిడా అతని మొహమే చూస్తోంది. అన్నం దగ్గర ఇద్దరూ ఒకరినొకరు కనిపెట్టుకుంటూ తింటే కూరలో ఉప్పు లేదన్న సంగతి ఇద్దరికీ తెలియలేదు.

ఇక అక్కణ్ణుంచి కనపడినవాడల్లా బ్యాంకు మనిషే. బస్సులో పక్కన కూర్చున్నవాడు రెండోసారి చూస్తే దిగిపోయేవాడు. తలుపు కొడితే గొళ్ళెం సందులోంచి చెప్పులు చూసేవాడు. నల్ల బూట్లయితే తీసేవాడు కాదు. దాంతో పాపం గ్యాసు కొలతలు చూసేవాడు మూడుసార్లు తిరిగి వెళ్ళాడు.

చివరికి బస్సు డిపో వెనకున్న పాత ఐదంతస్తుల భవనంలో దాక్కోవడం మొదలెట్టాడు. అక్కడ డాబా మీద లిఫ్టు మోటారు గది ఉంది, లోపలికి ఫోను సిగ్నలు సరిగ్గా రాదు. మోటారుకి పెద్దగా రోగమేమీ లేకపోయినా వరసగా మూడు రోజులు దాన్ని విప్పి తుడిచాడు. టిఫిను డబ్బా కూడా అక్కడే తిన్నాడు. ఫోనులో ఒక్కసారి మాత్రం మాట అందింది. "మా మనిషి కాగితాలు తీసుకుని వస్తారు సార్" అంది గ్రీజు మేడమ్. ఎక్కడికి, ఎప్పుడు అనేది వినపడలేదు.

నాలుగో రోజు పదకొండింటికి పిట్టగోడ మీద నుంచి కిందికి చూశాడు. గేటు దగ్గర తెల్ల చొక్కా, నల్ల బూట్లు, చంకలో నీలం ఫైలు. వాచ్‌మన్‌ని ఏదో అడుగుతున్నాడు. వాచ్‌మన్ వేలెత్తి డాబా వైపు చూపించాడు. ఇక అనుమానమే లేదు.

నీలం ఫైలు లోపలికి వెళ్ళాడు. వెనక మోటారు గుర్రుమని తిరగడం మొదలెట్టింది. తలుపు మూసుకున్న చప్పుడు, తాడు కదలిక, మొదటి అంతస్తు దాటిన టక్కు. ఆ లిఫ్టు ఎక్కడుందో అతనికి కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. రెండో అంతస్తు కూడా దాటింది. అతను మోటారు గదిలోకి వెళ్ళాడు. అతని చెయ్యి అతన్ని అడక్కుండానే ఫ్యూజుల పెట్టె తలుపు తీసి, ఫ్యూజు పీకింది.

మోటారు ఆగిపోయింది. డాబా మీద ఒక్కసారిగా నిశ్శబ్దం. పదకొండేళ్ళలో మనిషి లోపల ఉండగా ఫ్యూజు పీకడం అదే మొదలు. ఐదు నిమిషాలే, నేను వెనక గేటు దాటేదాకానే అని తనకి తనే చెప్పుకున్నాడు. ఫ్యూజు జేబులో వేసుకున్నాడు. దొంగలా మునివేళ్ళ మీద మెట్లు దిగాడు. రెండో అంతస్తు దగ్గర గంట ట్రింగుమని మోగుతుంటే చెవులు మూసుకుని దాటాడు.

వీధి మలుపులో టీకొట్టు దగ్గర కూర్చుని ఫోను ఆపేశాడు. టీ చెప్పాడు గానీ తాగలేదు. టీకొట్టువాడు గ్లాసుని కాకుండా తనని చూస్తున్నాడేమోనని బల్ల మార్చాడు. ఐదు నిమిషాలు పది అయ్యాయి, పది ఇరవై అయ్యాయి. లేచి వెళ్ళి ఫ్యూజు పెడితే నీలం ఫైలు తిన్నగా పైకి వస్తాడు. పెట్టకపోతే?

పెట్టకపోతే ఏమవుతుందో అతనికంటే బాగా తెలిసినవాడు ఆ ఊళ్ళో లేడు. లోపల ఫ్యాను ఆగిపోయి ఉంటుంది. చిన్న బల్బు బ్యాటరీ మీద వెలుగుతూ ఉంటుంది. ఆ బ్యాటరీ అరిగిపోయింది, మార్చండి అని రెండు నెలల కిందట మరమ్మతుల లాగ్ పుస్తకంలో రాసింది తనే. అరగంట కన్నా నిలవదు. అరగంటయ్యాక కటిక చీకటి. లోపలున్నవాడు బ్యాంకు మనిషే కావచ్చు, కానీ చీకట్లో ఊపిరాడని మనిషికి నీలం ఫైలు ఏం చేసుకోవడానికి? అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. ఫోను తెరిచాడు. వాచ్‌మన్‌వి తొమ్మిది ఫోన్లు వచ్చి ఉన్నాయి.

"మెకానిక్కుగారూ, ఎక్కడున్నారండీ బాబూ! లిఫ్టు ఆగిపోయింది. లోపల ఇద్దరు ఇరుక్కుపోయారు."

"ఇద్దరేంటి, ఒక్కడే కదా!" అనేశాడు. అని నాలుక కరుచుకున్నాడు.

అవతల వాచ్‌మన్ ఆ మాట పట్టుకున్నాడు. "ఒక్కడని మీకెవరు చెప్పారు?" అన్నాడు. తర్వాత, "వెనక గేటు నుంచి ఒకావిడ వచ్చి ఆయనతోపాటే ఎక్కిందండీ. తొందరగా రండి."

పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఇరుక్కుపోయిన వాళ్ళతో ముందు మాట్లాడాలి, ధైర్యం చెప్పాలి, ఆ తర్వాతే పైకి వెళ్ళి కరెంటు ఇవ్వాలి. అది పద్ధతి. రెండో అంతస్తులో లిఫ్టు తలుపుకి చెవి ఆనించి, మాట్లాడబోయి, ఆగిపోయాడు. లోపల ఎవరో కాగితం తిప్పుతున్నారు. ఒక ఆడగొంతు, తనకి బాగా తెలిసిన గొంతు, మందుల పెట్టె మీద తేదీ చదివినట్టు విడివిడిగా చదువుతోంది.

"నెలకి మూడున్నర శాతం. అంటే ఏడాదికి నలభై రెండు. నేను చదివింది కరెక్టేనా బాబూ?"

"కరెక్టే మేడమ్" అంది నీరసంగా ఒక మగగొంతు. "అసలు ఇవన్నీ మీకు చూపించకూడదు మేడమ్. సార్‌కే చూపించాలి. మీరు ఆ ఫైలు లాక్కున్నారు."

"ఆయన్ని వెతుక్కుంటూ ఇక్కడికెందుకొచ్చావని అడిగితే నువ్వు నీళ్ళు నమిలావు, లాక్కున్నాను. బల్బు ఇలా పట్టు."

"అది బల్బు కాదు మేడమ్, నా ఫోను. బల్బు ఇందాకే పోయింది."

ఎవరికి తెలియకూడదని ఇన్నాళ్ళు ఇన్ని అబద్ధాలు ఆడాడో ఆవిడనీ, ఆ కాగితాలనీ తన చేత్తో తనే ఒకే డబ్బాలో పెట్టి తాళం వేశాడు. పారిపోవచ్చు. నిజంగా ఒక్క క్షణం అదీ తోచింది. కానీ చీకట్లో ఉన్నది ఆవిడ. తలుపు మీద రెండుసార్లు తట్టి, ఇన్నేళ్ళూ ఇరుక్కున్నవాళ్ళందరికీ చెప్పిన మాటే చెప్పాడు.

"భయపడకండి. నేను లిఫ్టు మెకానిక్కుని."

లోపల కాగితాల చప్పుడు ఆగిపోయింది.

"తెలుసు" అంది భార్య. "ఫ్యూజు మీ జేబులోనే ఉందా?"

అతను మూడంతస్తులు ఎక్కి డాబా చేరాడు. జేబులోంచి ఫ్యూజు తీసి పెట్టాడు.

లిఫ్టు కిందికి జరిగి రెండో అంతస్తులో తలుపు తెరుచుకుంది. అతను దిగి వచ్చేసరికి నీలం ఫైలు మనిషి మెట్ల మీద కూర్చుని ఫైలుతో విసురుకుంటున్నాడు. దగ్గర్నుంచి చూస్తే పాతికేళ్ళు కూడా ఉండవు, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. "సార్, మీ లిఫ్టు అంత బాగోలేదు సార్" అన్నాడు. అది తిట్టో, పలకరింపో తెలియలేదు. అతను ఆ అబ్బాయికి చేతులు జోడించి క్షమించమన్నాడు. నిజంగానే అన్నాడు.

భార్య గోడకి ఆనుకుని నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ ఏడవడం లేదు.

"మీకు ఇంకో ఆడది ఉందనుకున్నాను. గ్రీజు అని పేరు పెట్టుకున్నారనుకున్నాను. మూడు రోజులుగా ఈ కొంపలోనే ఉంటున్నారని మీ కంపెనీలో చెప్పారు, ఇవాళ సెలవు పెట్టి చూద్దామని వచ్చాను. ఒక్క నిమిషం, ఆడదే అయినా బాగుండేదనిపించింది. దాన్నయితే జుట్టు పట్టుకుని బయటికి లాగొచ్చు. నలభై రెండు శాతం వడ్డీకి జుట్టెక్కడుంటుంది చెప్పండి?"

"నీకు చెబుదామనే..."

"జీతం రాని మూడు నెలలూ వచ్చిందన్నారు. నేను ఆ జీతం చూసుకుని గిడ్డంగిలో రాత్రి డ్యూటీ మానేశాను. అది నాకు కాలుతోంది, అప్పు కాదు."

అతను తల వంచుకున్నాడు. నీలం ఫైలు అబ్బాయి, ఇదే సమయమనుకున్నాడో ఏమో, నెమ్మదిగా ఒక కాగితం తీశాడు. "సార్, మంచి ఆఫరుంది. తొంభై వేలు ఒకేసారి కట్టండి. మిగతాది బ్యాంకు వదిలేస్తుంది. మొత్తం సెటిల్ అయిపోతుంది."

సెటిల్! ఆ మాట వినగానే అతనికి ప్రాణం లేచొచ్చింది. తొంభై వేలు ఎక్కడిదైనా తెచ్చి, ఇవాళే, ఇప్పుడే సంతకం పెట్టేద్దామని చెయ్యి చాపాడు. భార్య ఆ కాగితాన్ని మధ్యలోనే అందుకుంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, పైనున్న పెద్ద అక్షరాలు వదిలేసి, తిన్నగా అట్టడుగు వరస నుంచి చదవడం మొదలెట్టింది. మందుల పెట్టె ఎప్పుడూ అలాగే చదువుతుంది.

"బాబూ, ఇక్కడ ఈయన రికార్డులో 'సెటిల్డ్' అని రాస్తామని ఉంది. 'క్లోజ్డ్' అని ఎందుకు లేదు?"

అబ్బాయి మెడ తుడుచుకున్నాడు. "పూర్తిగా కడితేనే క్లోజ్డ్ మేడమ్. తగ్గించి కడితే సెటిల్డ్. అది కొన్నేళ్ళు రికార్డులో ఉండిపోతుంది. తర్వాత ఇంకే బ్యాంకైనా లోన్ ఇవ్వాలంటే... కొంచెం అనుమానిస్తారు."

"చూశారా" అంది భార్య మొగుడితో. "వాళ్ళకి సెటిల్ అంటే, సగంలో చేతులెత్తేసినవాడని. తొంభై వేలు కూడా మన దగ్గర లేవు, ఇంకో అప్పు చేసి తేవాలి. మళ్ళీ ఆ అప్పుకి ఇంకో గ్రీజు."

తర్వాత ఆవిడ చూపించిన అనుమానం ముందు అనుమానాల్రావు ఎందుకూ పనికిరాడు. అబ్బాయి గుర్తింపు కార్డు అడిగి ఫొటోని, మొహాన్ని పక్కపక్కన పెట్టి చూసింది. అతను ఇచ్చిన నంబరుకి కాకుండా, మొగుడి పర్సులోంచి క్రెడిట్ కార్డు తీయించి, దాని వెనక అచ్చేసిన నంబరుకి ఫోను చేసి, ఫలానా మనిషి మీవాడేనా అని కనుక్కుంది. వాడేనని తేలాక మంచినీళ్ళ సీసా ఇచ్చి తాగమంది. "డబ్బు నీ చేతికివ్వం బాబూ, ఇవాళ దేనిమీదా సంతకం పెట్టం. రేపు మేమే బ్యాంకుకి వస్తాం. ఇంకెవరినీ మా ఆయన వెంట తిప్పకండి, ఈయన లిఫ్టులు ఆపేస్తారు."

అబ్బాయి నవ్వి, మెట్లు దిగి వెళ్ళాడు. లిఫ్టు ఎక్కమంటే ఎక్కలేదు.

ఆ పూట లాగ్ పుస్తకంలో లిఫ్టు ఎంతసేపు ఆగింది, ఎందుకాగింది అని రాయాలి. నలభై నిమిషాలు అని రాశాడు. కారణం దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది. కరెంటు పోయిందని రాస్తే అడిగేవాడు లేడు. చివరికి "మెకానిక్కు తప్పు" అని రాసి సంతకం పెట్టాడు. ఆ రెండు ముక్కలకి కంపెనీ అతనికి రెండు రోజుల జీతం కోసింది. భార్యకి ఆ సంగతి అదే రోజు చెప్పాడు.

మర్నాడు బ్యాంకులో గ్రీజు మేడమ్‌ని చూశారు. ఎంత భీకరంగా ఊహించుకున్నాడో, ఆవిడ అంత పీలగా, జలుబుతో చీదుకుంటూ కూర్చుని ఉంది. మేం ఇంత సంపాదిస్తున్నాం, ఇంత ఖర్చు, నెలకి ఇంత మాత్రమే కట్టగలం అని భార్య ఒక కాగితం మీద రాసి ముందు పెట్టింది. మేడమ్ మొదట కుదరదంది. ఇంకో పై అధికారిని కలవమంది. మూడు రోజులు తిరిగాక, కార్డు ఆపేసి, వడ్డీ బాగా తగ్గించి, మొత్తం బాకీని నలభై ఎనిమిది వాయిదాలు చేశారు. ఒప్పుకున్నదంతా కాగితం మీద రాసిచ్చేదాకా భార్య కుర్చీలోంచి లేవలేదు. చివరి వాయిదా కట్టాక 'క్లోజ్డ్' అని ఉత్తరం ఇస్తామన్న మాట అందులో ఉందో లేదో రెండుసార్లు చూసుకుంది. ఇంటికొచ్చి కార్డుని నాలుగు ముక్కలు చేసి, ఖాళీ మందుల సీసాలో వేసి, గిడ్డంగిలో అంటించినట్టే సీసాకి కాగితం అంటించింది. నాలుగేళ్ళ తర్వాతి తేదీ, దాని ముందు 'గడువు' అనే మాట. మళ్ళీ రాత్రి డ్యూటీకి పేరిచ్చింది. ఆ నెలంతా అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు.

అతను మాత్రం ఫోనులో గ్రీజు అనే పేరు తీసేసి బ్యాంకు అని రాసుకున్నాడు. ఫోను వచ్చినప్పుడు మెట్ల దగ్గరికి పోకుండా గది మధ్యలో నిలబడి మాట్లాడటం నేర్చుకున్నాడు. మొదట్లో చెమటలు పట్టేవి.

సోఫా కొన్న ధరలో మూడోవంతుకి అమ్ముడుపోయింది. వాషింగ్ మెషినూ అంతే. ప్లాస్టిక్ కుర్చీలు అటక మీంచి దిగాయి. అవి దిగిన వారానికే మామగారు వచ్చారు.

గుమ్మంలో చెప్పులు విప్పుతూనే ఆయన కళ్ళు సోఫా ఉన్న చోట వాలాయి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గది నాలుగు మూలలూ చూశారు. కూతురు మంచినీళ్ళు తెస్తే, అదే వీధి చివరిదాకా వినిపించే గుసగుసతో అడిగారు. "ఏమ్మా, అల్లుడుగారు ఇంకా సెటిల్ కాలేదా?"

"కారు నాన్నా. సెటిల్ అవద్దని నేనే చెప్పాను. మేం క్లోజ్ చేస్తున్నాం."

ఆయన చేతిలో గ్లాసు ఆగిపోయింది. కూతురి వంకా, అల్లుడి వంకా మార్చి మార్చి చూశారు. "క్లోజేంటమ్మా? ఏం క్లోజ్ చేస్తున్నారు? సంసారమా?"

భార్య పకపకా నవ్వింది. నెల రోజుల తర్వాత ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. ఆ నవ్వు విని అతనికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. ఎవరి మెప్పు కోసం ఆ సోఫా కొన్నాడో, ఆయన ఎదురుగా ఇంకో ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అప్పుంది మావయ్యగారూ. లక్షా ఎనభై వేల పైన. జీతం ఆగినప్పుడు కొంత అయింది. కొంత నా బుద్ధి తక్కువ. మొదలైంది మాత్రం ఆ సోఫాతో. మీరు వచ్చినప్పుడు బాగుండాలని కొన్నాను."

మామగారు ఆ సెటిల్ మాట ఇదిగో, ఇప్పుడంటారు, అప్పుడంటారు అని అతను ఎదురుచూస్తున్నాడు. ఆయన గ్లాసు కింద పెట్టి, వెనక్కి చెయ్యి పెట్టి నడుం నొక్కుకున్నారు.

"నా కోసమా? అయ్యో, నాకు నడుం నొప్పి అల్లుడుగారూ. ముప్పై ఏళ్ళు పోస్టాఫీసు స్టూలు మీద కూర్చున్నవాణ్ణి. ఆ సోఫాలో కూర్చుంటే మళ్ళీ లేవలేకపోయేవాణ్ణి. మీరేమైనా అనుకుంటారేమోనని చెప్పలేక, పనుందని వెళ్ళిపోయేవాణ్ణి." కుర్చీ చేతుల మీద రెండు అరచేతులూ ఆనించి చూసుకున్నారు. "ఇదే హాయి నాకు."

ఆ రోజు ఆయన సాయంత్రం దాకా ఉన్నారు.